రెండు రూపాయల వడ్డీ తీరకముందే రెండో చీటీ వేయవచ్చా?

ప్రశ్న: మాది తణుకు. మా వారు రైసు మిల్లులో గుమస్తా. వయసు 41, జీతం 28,000 రూపాయలు. బాబుకు పదమూడేళ్లు, పాపకు ఎనిమిది. అత్తగారు మాతోనే ఉంటారు. రెండేళ్ల క్రితం ఆవిడ ఆపరేషన్ కోసం తెలిసినవారి దగ్గర ప్రోనోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం. నెలనెలా మూడు వేలు వడ్డీ కడుతున్నాం గాని అసలు అలాగే ఉంది. అద్దె 6,500. మా వీధిలో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చీటీ వేశాను. ఇరవై మంది సభ్యులు, నెలకు 5,000, ఎనిమిది నెలలు అయింది, నేనింకా పాడుకోలేదు. నాకు కుట్టుపని వచ్చు. ఇరుగుపొరుగుకు లైనింగు జాకెట్టు 250కి, చీర ఫాల్ 80కి కుట్టి ఇస్తుంటాను. అత్తగారు ఆవకాయ బాగా పెడతారు. నా కుట్టుపని డబ్బుతో ఆ చీటీ నడిపే ఆవిడ దగ్గరే రెండో చీటీ వేయమంటున్నారు. ఫోనులో ఇంటి నుంచే పని అని ఒక ప్రకటన వచ్చింది, ముందుగా 3,000 కట్టాలట. పచ్చళ్ల వ్యాపారం పెడదామా అని కూడా ఉంది. బీరువాలో నాలుగు కాసుల బంగారం ఉంది గాని, తాకట్టు పెట్టడం నామోషీ అని అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేస్తే మంచిది?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన చీటీ, ఫోను పని, పచ్చళ్లు అన్నీ డబ్బు సంపాదించే మార్గాల గురించినవే. అయితే మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంపాదన ఆ ప్రోనోటులో ఉంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు ఏడాదికి 36,000, ఈ రెండేళ్లలో 72,000 రూపాయలు మీ చేతులు దాటి వెళ్లిపోయాయి, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. మీరు రాత్రింబగళ్లు కుట్టి నెలకు మూడు వేలు సంపాదించినా అది ఈ వడ్డీకే సరిపోతుంది. కాబట్టి ముందు ఈ వడ్డీని ఎలా తగ్గించాలో చూసి, ఆ తరువాతనే మిగిలిన వాటి సంగతి చెబుతాను.

మొదట మీ చీటీ. ఎనిమిది నెలలు గడిచాయి, పన్నెండు పాటలు మిగిలి ఉన్నాయి. చాలామంది ఇల్లాళ్లు చివరి దాకా ఆగితే ఎక్కువ వస్తుందని పాడుకోకుండా ఉంటారు. చేతిలో అప్పు లేనివారికి ఆ లెక్క సరైనదే. మీకు మాత్రం కాదు. చీటీ నడిపే ఆవిడ కమీషన్ 5,000 అనుకుంటే చివరి నెలలో మీకు 95,000 వస్తుంది. వచ్చే పాట 15,000కు పోయి మీరు 85,000 తెచ్చుకున్నారనుకోండి, పదివేలు నష్టపోయినట్టు కనిపిస్తుంది. కాని ఆ 85,000 రెండు రూపాయల అప్పుకు జమ చేస్తే నెలకు 1,700 వడ్డీ ఆగిపోతుంది, చివరి పాట దాకా ఉన్న పదకొండు నెలలకు అది 18,700 అవుతుంది. పదివేలు వదులుకుని దాదాపు పంతొమ్మిది వేలు మిగుల్చుకున్నట్టే. కనుక వచ్చే పాటలోనే పాడుకోండి. పోటీ పెరిగి పాట 18,000 దాటితే మాత్రం ఆ నెల వదిలేసి పై నెల చూడండి. పాడుకున్నాక మిగిలిన వాయిదాలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టాలి. ఇప్పటికే ఇంటి ఖర్చులో ఆ ఐదు వేలు పక్కన పెడుతున్నారు కాబట్టి అది మీకు కొత్త బరువు కాదు.

ఇక మిగిలిన 65,000. దీనికి బీరువాలోని బంగారం ఉంది. బ్యాంకులు బంగారం విలువలో దాదాపు నాలుగింట మూడు వంతుల దాకా అప్పు ఇస్తాయి, వడ్డీ సాధారణంగా ముప్పావలా నుంచి రూపాయి లోపు ఉంటుంది. ముప్పావలా వడ్డీకి దొరికితే 65,000కు నెలకు 490 రూపాయలు కూడా కాదు. నాలుగు కాసులూ పెట్టనవసరం లేదు, ఈనాటి ధరలో ఒకటి రెండు కాసులతో పని జరిగిపోతుంది. ఇప్పుడు నెలనెలా వడ్డీకి పోతున్న ఆ మూడు వేలనే బ్యాంకులో కడుతూ వెళితే, వడ్డీ పోగా మిగిలినదంతా అసలుకు జమ అయి, రెండేళ్లలో అప్పు పూర్తిగా తీరి నగ ఇంటికి వస్తుంది. ఇంటి ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించకుండా, ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించకుండా జరిగే పని ఇది. కుట్టుపని డబ్బు మరో మూడు వేలు తోడైతే ఏడాదిలోనే ముగుస్తుంది.

లెక్క సరిగ్గా చూసేవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. లక్షన్నర మొత్తాన్నీ బంగారం మీదే తెచ్చి, చీటీని చివరి దాకా ఉంచుకుంటే ఇంకా లాభం కదా అని. నిజమే, ఆ దారిలో మూడు వేల రూపాయల దాకా కలిసి వస్తుంది. అయినా నేను పాడుకోమనే చెబుతున్నాను. మీ చీటీ వీధిలో ఒక మనిషి మాట మీద నడుస్తోంది. ఆవిడ ఎంత మంచిదైనా, ముందే పాడుకున్న సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు వాయిదాలు ఎగవేస్తే పాడుకోనివారి డబ్బే ఇరుక్కుంటుంది. ఆ మూడు వేలు మీ సొమ్ము క్షేమంగా బయటికి వచ్చినందుకు అయిన ఖర్చనుకోండి. పైగా తక్కువ బంగారం పెడితే సరిపోతుంది గనుక అత్తగారి మనసు కూడా కొంత కుదుటపడుతుంది.

ఆవిడ బాధను తేలిగ్గా తీసుకోవద్దు. వెనకటి తరానికి తాకట్టు అంటే ఊళ్లో షావుకారు దగ్గర నగ పెట్టి, వడ్డీ మీద వడ్డీ పెరిగి, చివరికి ఆ నగ తిరిగి రాకపోవడమే గుర్తుకొస్తుంది. అందుకే ఆవిడను కూర్చోబెట్టి, ఒక కాగితం మీద ఒకవైపు నెలకు 3,000, మరొకవైపు నెలకు 490 రాసి చూపించండి. ఆ అప్పు తన ఆపరేషన్ కోసం చేసినదన్న బరువు ఆవిడ మనసులో ఉండే ఉంటుంది, కనుక ఆ మాట ఎత్తకుండా లెక్క ఒక్కటే చెప్పండి. తూకం, స్వచ్ఛత రాసిన రసీదు బ్యాంకు ఇస్తుందని, నగ వారి లాకరులో భద్రంగా ఉంటుందని చెప్పండి. వీలైతే ఆవిడనూ బ్యాంకుకు తీసుకువెళ్లండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. బంగారం అప్పుకు సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది. గడువులోగా వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే నోటీసు ఇచ్చి వేలం వేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. నెలనెలా కొంత అసలు జమ చేసుకుంటారా అని అప్పు తీసుకునే రోజే అడిగి, ఒప్పుకున్న శాఖలోనే తీసుకోండి.

ప్రోనోటు అప్పు తీర్చేటప్పుడు తొందరపడవద్దు. చీటీ డబ్బు ముందు వచ్చి బంగారం డబ్బు తరువాత వస్తే, మొదట ఇచ్చిన 85,000కు ప్రోనోటు వెనుక తేదీతో చెల్లు రాయించి, ఇచ్చినవారి సంతకం తీసుకోండి. ఆ నెల నుంచి వడ్డీ 65,000కు మాత్రమే అని మాట కూడా అనుకోండి. పూర్తిగా తీరిన రోజున అసలు ప్రోనోటు చేతికి తీసుకున్న తరువాతనే ఇల్లు కదలండి. తెలిసినవారే కదా అని కాగితం వారి దగ్గరే వదిలేస్తే, రేపు అది మీ మీద దావాగా మారవచ్చు. డబ్బు బ్యాంకు ఖాతా ద్వారా పంపితే ఇంకా మంచిది.

రెండో చీటీ వద్దు. చీటీ పద్ధతి మీద నాకు చిన్నచూపు లేదు, ఎన్నో ఇళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇంటి స్థలాలు చీటీల వల్లే సమకూరాయి. కాని 1982 నాటి చీటీ నిధుల చట్టం ప్రకారం చీటీ నడిపేవారు ముందుగా రిజిస్ట్రారు అనుమతి తీసుకోవాలి, ఆ చీటీని నమోదు చేయాలి, చీటీ మొత్తానికి సరిపడా హామీ చూపాలి. మీ వీధి చీటీకి ఇవేవీ లేవు. రేపు తేడా వస్తే మీకు మిగిలేది నోటిమాటే. అప్పు తీరాక చీటీ వేయాలనిపిస్తే, నమోదైన సంస్థలో నమోదు సంఖ్య, ఒప్పంద పత్రం చూసుకుని వేయండి. లేదా పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టండి. నెలకు వంద రూపాయలతోనైనా మొదలుపెట్టవచ్చు, గడువు ఐదేళ్లు. 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు 2,000 కడితే ఐదేళ్లలో కట్టిన 1,20,000కు సుమారు 1,42,700 చేతికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ హామీ ఉంటుంది కాబట్టి రాత్రి నిద్ర పడుతుంది. అయితే ఇది కూడా ఈ అప్పు తీరాకే. ఒక చేత్తో 24 శాతం కడుతూ మరో చేత్తో 6.7 శాతానికి దాచుకోవడం పొదుపు కాదు.

ఫోనులో వచ్చిన ఆ పని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించవద్దు. పని ఇచ్చేవారు మనకు డబ్బు ఇవ్వాలి గాని మన దగ్గర తీసుకోకూడదు. ఇలాంటి మోసాల్లో వీడియోలకు లైకులు కొడితే, హోటళ్లకు రేటింగు ఇస్తే మొదట నూటయాభై, రెండు వందలు నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక వెయ్యి కట్టించుకుని పదమూడు వందలు ఇస్తారు. ఆపైన పదివేలు, యాభైవేలు కట్టించుకుని, వెనక్కు రావాలంటే పన్ను కట్టాలని మళ్లీ అడుగుతారు. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. మరొకటి, మీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామని ఎవరైనా అడిగితే ఎంత ఆశ చూపినా ఇవ్వవద్దు. మోసం డబ్బు ఆ ఖాతాలోంచి వెళితే కేసు మీ మీదకు వస్తుంది.

ఇక మీ చేతిలో ఉన్న విద్య. ఇది నాకు నిజంగా ఆశ కలిగిస్తున్న విషయం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. లైనింగు జాకెట్టుకు మీరు 250 తీసుకుంటున్నారు. లైనింగు గుడ్డ, దారం, హుక్కులు మీవే అయితే వాటికి 70 దాకా అవుతుంది, మిగిలేది 180. ఆది జాకెట్టు కొలుచుకుని కత్తిరించడం, లైనింగు కలిపి కుట్టడం, చేతులు ఎక్కించడం, తరువాత కూర్చుని చేసే హెమ్మింగు, హుక్కులు, కాజాలు అన్నీ లెక్కిస్తే మూడు గంటలు పడుతుంది. అంటే గంటకు అరవై రూపాయలు. ఫాల్‌కు 80లో గుడ్డ ఖర్చు పోగా 50 మిగిలి, ముప్పావు గంట పడుతుంది, గంటకు 65 దాటుతుంది. జాకెట్టు పెద్ద పనిలా, ఫాల్ చిన్న పనిలా కనిపించినా కూలి దాదాపు ఒకటే. యూనిఫాం ప్యాంట్ల అంచులు దించడం, జిప్పులు మార్చడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం వంటి ఆల్టరేషన్లలో గంటకు ఇంతకంటే ఎక్కువ మిగలవచ్చు. పెద్ద దుకాణాల వారు వీటిని విసుగ్గా చూస్తారు, పది రోజులు తిప్పుతారు. సాయంత్రం ఇస్తే మర్నాటికి ఇచ్చేస్తారన్న పేరు మీకు వస్తే వీధి వీధంతా మీ గుమ్మంలోకి వస్తుంది.

జాకెట్టు ధర 300 చేయండి. మొహమాటపడవద్దు. కొత్తగా వచ్చేవారితో మొదలుపెట్టి, పాతవారికి వచ్చే నెల నుంచి అని ముందుగా చెప్పండి. నెలకు పది జాకెట్లు, పదిహేను ఫాల్స్ వస్తే ఖర్చులు పోను మూడు వేలు మిగులుతాయి. ఇందుకు పట్టేది రోజుకు గంటన్నర లోపే. మొదట ఇంతే పెట్టుకోండి, అంతకు మించితే ఇంటిపనితో నడుము పడిపోతుంది. ప్రతి పనికీ సగం డబ్బు ముందే తీసుకుని, పేరు, తేదీ, ఇవ్వాల్సిన రోజు ఒక పుస్తకంలో రాయండి. బంధువులకు ఊరికే కుట్టే అలవాటు ఉంటే కనీసం లైనింగు, దారం ఖర్చయినా తీసుకోండి.

ఈ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాల ముహూర్తాలకు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పని ముంచుకొస్తుంది, పుష్యం, ఆషాఢం చప్పగా సాగుతాయి. అయితే ఆషాఢంలో బట్టల దుకాణాలు తగ్గింపు ధరలు పెడతాయి గనుక చీరలు ఆ నెలలోనే కొంటారు. ఆషాఢంలో ఇస్తే ఫాల్‌కు పది రూపాయలు తక్కువ అని చెప్పి, శ్రావణం రద్దీలో కొంత భాగాన్ని ముందుకు లాక్కోండి. జూన్‌లో బడులు తెరిచేముందు యూనిఫాంల పని ఎలాగూ ఉంటుంది.

పీకో చేయడానికి జిగ్‌జాగ్ మిషను కావాలనిపిస్తుంది. ఆర్నెల్లు ఫాల్స్ కుట్టి, ఎన్ని చీరలకు బయట పీకో చేయించారో, దానికెంత ఇచ్చారో పుస్తకంలో చూసుకున్నాకే కొనండి. అప్పుడు డబ్బు కావాలంటే డ్వాక్రా సంఘం మంచి దారి. మీ ఉత్తరంలో సంఘం మాట లేదు కాబట్టి సభ్యులు కారనుకుంటున్నాను. పట్టణాల్లో మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ వారు ఈ సంఘాలను చూస్తారు. తొంభైలలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద తిరగబడిన ఆడవాళ్లే ఆ తరువాత రోజుకు రూపాయి పొదుపుతో సంఘాలు కట్టారు. వారి పుణ్యమా అని ఈరోజు ఆస్తి కాగితాలు లేని స్త్రీ కూడా బ్యాంకు ముందు నిలబడి అప్పు అడగగలుగుతోంది. సంఘంలో చేరండి గాని, ఇంకొకరి అవసరం కోసం మీ పేరున అప్పు తీసి ఇవ్వవద్దు.

పచ్చళ్ల విషయంలో నా సలహా నెమ్మదిగా వెళ్లమని. అత్తగారి చేతి రుచి మీద అనుమానం లేదు. ఆవకాయ వ్యాపారంలో కష్టమంతా, డబ్బు రెండు నెలల్లో పెట్టి ఏడాది పొడవునా రాబట్టుకోవడంలో ఉంది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ తెచ్చి, కొట్టించి, జీడి తీసి, మెత్తబడినవి ఏరేస్తే కొన్న బరువుకూ జాడీలో పడే ముక్క బరువుకూ చాలా తేడా వస్తుంది. నువ్వులనూనె, ఆవపిండి, కారం, సీసాలు, కాయ కొట్టిన కూలి, దూరం పంపితే పార్సిలు ఖర్చు, దారిలో నూనె కారిన సీసాలు అన్నీ రాస్తే, ఇంట్లో చౌక అనుకున్న పచ్చడి కిలోకు ఎంత పడిందో తెలిసి ఆశ్చర్యపోతారు. ఈ ఏడాది ఇంటికి పెట్టుకునేటప్పుడే ప్రతి వస్తువునూ తూచి, ధర రాసి, చివరికి ఎన్ని కిలోలు వచ్చిందో చూడండి. తెలిసిన ఇళ్ల నుంచి ముందుగా డబ్బు తీసుకుని వచ్చే వేసవిలో ఇరవై కిలోలు పెట్టండి. అప్పటిలోగా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకోండి, ఇంట్లో చేసి అమ్మే చిన్నవారికి కూడా అది తప్పనిసరి. రుసుము నామమాత్రమే. తడి గరిటె తగిలి ఒక జాడీ బూజు పడితే నష్టం మీదే గనుక, పెద్ద జాడీ ఒకటి కాకుండా చిన్నవి నాలుగు పెట్టండి.

ఇంటి ఖర్చుల్లో మీకు తగ్గించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అద్దె, చీటీ, వడ్డీ పోగా 13,500తో ఐదుగురిని నడుపుతున్న ఇల్లాలికి కూరగాయల దగ్గర పొదుపు నేర్పడం నాకు తగదు. ఒక్క మాట చెబుతాను. కరెంటు ఆదా అవుతుందని బాగున్న ఫ్యాన్లు తీసేసి కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనమని ఎవరైనా చెబితే ఇప్పుడే వద్దు. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30 వాట్లు తీసుకుంటుంది, రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు ఇరవై యూనిట్లు తగ్గే మాట నిజమే. కాని దాని ధర రాబట్టడానికి రెండేళ్లు పైనే పడుతుంది, ఆ డబ్బు ఇప్పుడు అప్పులో వేస్తేనే లాభం. పాత ఫ్యాను కాలిపోయి వైండింగుకు వచ్చిన రోజున మాత్రం బాగు చేయించకుండా కొత్తదే తీసుకోండి.

అప్పు తీరేదాకా ఆగకూడని పనులు రెండున్నాయి. పాపకు ఎనిమిదేళ్లు అన్నారు. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండకముందే తెరవాలి, ఆ వయసు దాటితే మళ్లీ అవకాశం రాదు. జనన ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి 250 రూపాయలతో తెరవండి. ఏడాదికి కనీసం 250 వేస్తే ఖాతా బతికే ఉంటుంది, అప్పు తీరాక మీ శక్తి కొద్దీ పెంచుకోవచ్చు. ప్రస్తుతం 8.2 శాతం వడ్డీ ఉంది. పాపకు పద్దెనిమిదేళ్లు నిండినా, పదో తరగతి పూర్తయినా పై చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు.

రెండోది మీ వారి బీమా. ఇల్లంతా ఒక్క జీతం మీద నడుస్తున్నప్పుడు ఇది లేకుండా ఉండకూడదు. జీతం పడే బ్యాంకులోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, ప్రమాద బీమా అయిన సురక్షా బీమాకు 20 రూపాయలు కడితే ఒక్కొక్కదానికి రెండు లక్షల రక్షణ ఉంటుంది. జీవన్ జ్యోతిలో యాభై ఏళ్ల లోపువారే చేరగలరు, మీ వారికి ఇంకా సమయం ఉంది. రెండింటిలోనూ నామినీగా మీ పేరు, పుట్టినతేదీ తప్పులు లేకుండా రాయించండి. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది, మే చివరి వారంలో ఖాతాలోంచి డబ్బు తీసుకుంటారు. ఆ వారంలో ఖాతాలో కనీసం ఐదు వందలు ఉండేలా చూసుకోమని మీ వారికి చెప్పండి.